ఆకుపచ్చ కార్డు సరే, బాయిలర్ గది చూపించండి

రాత్రికి పదిహేను, ఇరవై వేలు తీసుకునే కొండ హోటల్లో గది తలుపు తీయగానే రెండు వస్తువులు కనిపిస్తాయి. మంచం మీద టవళ్లు మడిచి చేసిన హంస, బాత్రూం అద్దం పక్కన ఆకుపచ్చ కార్డు. టవల్ మళ్లీ వాడుకుంటే కొక్కేనికి తగిలించమని, ఉతకాలంటే కింద పడేయమని, ప్రకృతిని కాపాడమని ఆ కార్డు మనల్ని వేడుకుంటుంది. హంసకి పట్టిన రెండు టవళ్లు మాత్రం ఎటూ ఉతుక్కి పోవాల్సిందే.

నా పని వల్ల నాకు ఇంకో గది కూడా చూపిస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో మాది వేన్నీళ్ల వ్యాపారం. సోలార్ హీటర్లు, బయటి గాలిలోని వేడిని లాగి నీటికి ఇచ్చే హీట్ పంపులు, హాస్టళ్లకి, ఆసుపత్రులకి, కల్యాణ మండపాలకి బాయిలర్లు. ఆమధ్య గుంటూరాయన ఒకరు పిలిచారు. మిర్చి కోల్డ్ స్టోరేజీల మీద సంపాదించి, పడమటి కనుమల్లో ఒక చల్లటి ఊళ్లో అరవై గదుల హోటల్ కొన్నారు. ఆయన నన్ను పిలిచింది పర్యావరణం మీద ప్రేమతో ఏం కాదు, నెలనెలా వచ్చే డీజిల్ బిల్లు చూసి. నిజం చెప్పాలంటే నాకు అలాంటి వాళ్లతోనే పని తేలిక. ప్రేమ మీద ఆధారపడిన పథకం ఏ సీజన్లోనైనా ఆగిపోతుంది, బిల్లు మాత్రం ప్రతి నెలా గుర్తు చేస్తూనే ఉంటుంది.

ఖరీదైన కొండ హోటల్ వల్ల జరిగే నష్టంలో పెద్ద భాగం అతిథి కంట పడని చోటే జరుగుతుందని నేననుకుంటాను. బాయిలర్ గదిలో, లాండ్రీలో, మురుగు ట్యాంకులో. హోటల్ వాళ్లు శ్రద్ధంతా పెట్టేది మాత్రం కంట పడే చోట: పేపర్ స్ట్రా, వెదురు బ్రష్షు, జనపనార సంచి. అవి చెడ్డవని కాదు. వాటితో ఫొటో దిగి పని అయిపోయిందనుకోవడంతోనే నాకు పేచీ.

బెజవాడలో కూచున్నవాడికి కొండ మీద హోటల్ గోలెందుకు అని అడగొచ్చు. మే నెలలో ఇక్కడి ఎండకి తట్టుకోలేక కొండలెక్కేది మనమే కాబట్టి అన్నది ఒక జవాబు. రెండోది కృష్ణమ్మ. ఈ ఊరు తాగే నది పుట్టింది మహాబలేశ్వర్‌లో, దాదాపు 1,300 మీటర్ల ఎత్తున, హోటళ్లు కిక్కిరిసిన ఒక హిల్ స్టేషన్‌లో. అక్కడి నుంచి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మహాబలేశ్వర్, పంచగని ప్రాంతాన్ని 2001లోనే కేంద్రం పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంగా ప్రకటించింది. అక్కడి హోటల్ మురుగు మన కుళాయిలోకి వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజీకి వచ్చేసరికి దాని ఆనవాలు కూడా మిగలదు. ఆ నీళ్లు ముందు తాగేది హోటల్ కింది వాలులో ఉన్న పల్లె. నది మొదట్లో ఉన్న ఆ పల్లె, చివర్లో ఉన్న మనం ఒకే నది వాళ్లం, అంతే.

ఇక వేన్నీళ్ల సంగతి. బెజవాడలో ట్యాంకు నీళ్లు మామూలు రోజుల్లో 28, 30 డిగ్రీలు ఉంటాయి. స్నానానికి 45 డిగ్రీలకి తేవాలంటే వంద లీటర్లకి రెండు యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే) లోపు వేడి చాలు. కొండ మీద నీళ్లు 10 డిగ్రీల్లో ఉంటే అదే వంద లీటర్లకి నాలుగు యూనిట్లు కావాలి. ఇద్దరుండే గదికి రోజుకి రెండొందల లీటర్లనుకుంటే ఎనిమిది యూనిట్లు. ఇది ఏ కంపెనీ బ్రోచర్‌లోనిదో కాదు, నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఎంత కావాలో స్కూల్లో చదువుకున్న లెక్కే.

ఆ హోటల్ బాయిలర్ ముసలిది. డీజిల్‌లో ఉన్న వేడిలో 70 శాతం నీటికి అందిస్తే గొప్ప. అయినా నన్ను ఆపేసింది బాయిలర్ కాదు, దాన్నుంచి గదులకి వెళ్లే పైపు. ఖరీదైన హోటల్లో కుళాయి తిప్పిన కొద్ది సెకన్లకే వేన్నీళ్లు రావాలి. అందుకని వేన్నీళ్లని ఇరవై నాలుగు గంటలూ పైపులో చుట్టూ తిప్పుతూనే ఉంటారు. ఇక్కడ ఆ పైపు వెనక గోడ వెంబడి, ఆరుబయట వెళ్తోంది. వేడి బయటికి పోకుండా ఇన్సులేషన్‌గా దాని మీద చుట్టిన గ్లాస్ ఊల్ (గాజు నారతో చేసిన దూది), పైన తొడిగిన అల్యూమినియం రేకు చాలాచోట్ల లేవు. కోతులు పీకేశాయన్నారు. మిగిలిన చోట వానకి తడిసి ముద్దయి ఉంది, అంటే ఉన్నా లేనట్టే. పొద్దున్నే మంచులో ఆ గోడ వెంట నడుస్తుంటే పైపు కింద రెండు కుక్కలు ముడుచుకుని హాయిగా నిద్రపోతున్నాయి. ఇన్సులేషన్ ఎక్కడెక్కడ పోయిందో నా చేతిలోని మీటరు కంటే వాటికే బాగా తెలుసు.

రెండంగుళాల పైపులో 60 డిగ్రీల నీళ్లు తిరుగుతూ బయట 10 డిగ్రీలుంటే, కప్పు లేని వంద మీటర్ల పైపు నుంచి రోజుకి సుమారు 200 యూనిట్ల వేడి గాలిలో కలిసిపోతుంది. గదికి ఎనిమిది యూనిట్లన్నాం కదా, అంటే పాతిక గదుల స్నానాలన్నమాట. ఎవరూ స్నానం చేయకుండానే. పోనీ నీటి వేడి తగ్గిద్దామా అంటే ఇష్టమొచ్చినట్టు తగ్గించకూడదు. గోరువెచ్చటి నీళ్లు నిలవుంటే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. ట్యాంకులో 60 డిగ్రీలు ఉంచాల్సిందే, తిరిగొచ్చే నీళ్లు కూడా 50కి తగ్గకూడదు. కాబట్టి మిగిలిన దారి పైపుని కప్పడమే.

ఓనరుగారికి ఇదే చెప్పాను. "చూడవయ్యా, ముందు హీట్ పంపు రేటు చెప్పు. పైపుల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. అప్పుడు ఆయన కోల్డ్ స్టోరేజీ గుర్తు చేశాను. గుంటూరులో మిర్చి బస్తాలు పెట్టే గోడకి ఇన్సులేషన్ ఒక చోట ఊడితే ఆ సాయంత్రానికే మేస్త్రీని పిలిపిస్తారు. తలుపు అరగంట తెరిచి ఉంటే హమాలీల మీద కేకలేస్తారు. అక్కడ బయటి వేడి లోపలికి రాకూడదు, ఇక్కడ లోపలి వేడి బయటికి పోకూడదు. రెండింటికీ తేడా దిక్కులోనే. హీట్ పంపు కూడా ఆయనకి కొత్తదేం కాదు, అదే కంప్రెసర్, అదే గ్యాసు, చల్లబరిచే బదులు వెచ్చబెట్టే వైపు వాడుకుంటాం. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మేనేజరుని పిలిచి, ఆ గోడ వెంట ఎప్పుడూ ఎందుకు నడవలేదని అతన్ని అడిగారు. పాపం ఆ కుర్రాడు ఏం చెప్తాడు!

హీట్ పంపుల గురించి మా వ్యాపారం వాళ్లు చెప్పేదాంట్లో సగమే నిజం. మిగతా సగం కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. దేశంలో తయారయ్యే కరెంటులో ముప్పాతిక వంతుకి దగ్గరగా ఇప్పటికీ బొగ్గుదే. ఆ సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాలు చూస్తూ పెరిగినవాళ్లం. సగటున ఒక యూనిట్‌కి 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకోవచ్చు. లీటరు డీజిల్ కాలిస్తే వచ్చేది సుమారు 2.7 కిలోలు. ఈ లెక్కన ఒక గది వేన్నీళ్లకి పాత డీజిల్ బాయిలరు రోజుకి మూడు కిలోల చిల్లర వదులుతుంది. "మేం డీజిల్ పూర్తిగా మానేశాం, అంతా కరెంటే" అని గొప్పగా చెప్పుకునే హోటల్ గది గదికీ మామూలు గీజర్లు బిగించి ఉంటే, అది ఐదున్నర కిలోల పైనే. అంటే డీజిల్ కంటే అధ్వాన్నం! హీట్ పంపు పెడితే కొండ చలిలో దాని పనితనం కొంత తగ్గినా రెండుంబావు కిలోలకి వస్తుంది. లాభమే, కానీ బ్రోచర్లలో వేసినంత లాభం కాదు. దానికి ముందు సోలార్ పెట్టి 10 డిగ్రీల నీళ్లని ఎండ ఉన్నంత వరకు 25కో 30కో తెస్తేనే నిజమైన తేడా వస్తుంది. వానాకాలం నాలుగు నెలలు ఆ కనుమల్లో సూర్యుడి మీద ఆశ పెట్టుకోకూడదు. కానీ చలికాలంలో అక్కడ ఆకాశం కడిగినట్టు ఉంటుంది, వేన్నీళ్లు ఎక్కువగా కావాల్సిందీ అప్పుడే.

వీటన్నిటికంటే చవకైనది షవర్ తల మార్చడం. తల మీద పళ్లెమంత వెడల్పున ఉండే రెయిన్ షవర్లు నిమిషానికి ఇరవై లీటర్ల దాకా పోస్తాయి. గాలి కలిపి చల్లే రకం ఎనిమిది లీటర్లతో అంత ఒత్తిడీ ఇస్తుంది. పది నిమిషాల స్నానానికి రెండొందలెక్కడ, ఎనభై ఎక్కడ! మా అత్తగారు ఒకసారి ఇలాంటి హోటల్లోనే ఆ షవర్ కింద నిలబడనని పట్టుబట్టి బకెట్టు, మగ్గు తెప్పించుకున్నారు. రిసెప్షన్ వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆవిడ స్నానం రెండు బకెట్లతో, అంటే నలభై లీటర్లతో అయిపోయింది. అడిగితే బకెట్టు ఇస్తామని ఆ ఆకుపచ్చ కార్డు మీద ఒక్క ముక్క రాస్తే మన తెలుగువాళ్లలో సగం మంది సంతోషంగా అడుగుతారని నా నమ్మకం. కానీ బకెట్టు లగ్జరీ కాదుగా!

లాండ్రీ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ నీళ్ల కంటే ఆరబెట్టడమే ఖర్చు. మంచు ఊళ్లో బట్టలు బయట ఆరవు, డ్రయ్యర్ వాడాల్సిందే. బట్టలో మిగిలిన ప్రతి లీటరు నీటినీ ఆవిరి చేయడానికి యూనిట్‌లో మూడింట రెండొంతులు పడుతుంది, మిషను వృథా చేసేది కాక. కాబట్టి గట్టిగా పిండే మిషను కొనడమే అసలు పొదుపు. అన్నట్టు ఆ టవల్ కార్డు సంగతి: కొక్కేనికి తగిలించినా మార్చేస్తారని ఒక హౌస్‌కీపింగ్ అబ్బాయి నాతో చెప్పాడు. మార్చకపోతే సూపర్‌వైజర్ గది సరిగా చేయలేదంటాడట.

గది వెచ్చదనం దగ్గర పెద్ద దొంగ కిటికీ. లోయ కనిపించాలని నేల నుంచి కప్పు దాకా అద్దం పెడతారు. ఒంటి పొర అద్దంలోంచి పోయే వేడిలో రెండు పొరల అద్దంలోంచి సుమారు సగమే పోతుంది. ఇది కట్టేటప్పుడు చేయాల్సిన పని, కట్టాక మార్చాలంటే గుండె కావాలి. మార్చలేనివాళ్లు రాత్రి ఏడింటికి మందపాటి కర్టెన్లు మూయించినా చాలు, చీకట్లో లోయ ఎలాగూ కనపడదు. ఇంకొకటి మన వాళ్ల అలవాటు: రూం హీటర్ వేసి, బాల్కనీ తలుపు బార్లా తీసి, చలిగాలి బాగుందంటూ టీ తాగడం. తలుపు తీస్తే హీటర్ ఆగిపోయే చిన్న స్విచ్చి ఉంటుంది. దానికి ఎవరి దేశభక్తీ అక్కర్లేదు.

అన్నిటికంటే ప్రమాదమైంది, ఎవరూ మాట్లాడనిది మురుగు. మురుగుని శుద్ధి చేయడానికి బిగించింది మంచి కంపెనీ ప్లాంటే అయినా అందులో పనిచేసేది బ్యాక్టీరియా. చలికి దానికీ బద్ధకమే, 10 డిగ్రీలకి దిగువన అమ్మోనియాని విడగొట్టే పని బాగా మందగిస్తుంది. పైగా కొండ హోటల్ శనాదివారాలు నిండి, మంగళ బుధవారాలు ఖాళీ. రెండు రోజులు విందు, ఐదు రోజులు పస్తు పెడితే ఏ ప్రాణి బాగా పని చేస్తుంది? వచ్చిన మురుగుని ముందు ఒక పెద్ద తొట్టిలో నిలవ చేసి, రోజుకింత అని సమానంగా ప్లాంటుకి వదలాలి. చాలాచోట్ల ఆ తొట్టిని చిన్నగా కడతారు, స్థలం ఉంటే ఇంకో కాటేజీ వస్తుందని. వంటింటి నూనె ముందే పట్టేసే ట్రాప్‌ని వారానికోసారైనా తీసి శుభ్రం చేయాలి. అది కంపు పని. అందుకే అందరూ పక్కవాడి డ్యూటీ అనుకుంటారు.

చిన్న చిన్న లాడ్జీలకి ప్లాంటు కూడా ఉండదు. సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ఇంకుడు గుంత, అంతే. మైదానంలో అయితే ఇంకిపోతుంది. వాలులో ఇంకిన నీరు కింద ఎక్కడో ఊటగా బయటపడుతుంది, ఆ ఊట ఒక ఊరి మంచినీళ్లు కావచ్చు. పైగా నేల లోపల నానితే కొండ పట్టు సడలుతుంది. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో ఇళ్లకి పగుళ్లొచ్చి నేల కుంగినప్పుడు, సరైన మురుగు కాలువలు లేక నేలలోకి ఇంకిన నీరు కూడా కారణాల్లో ఒకటని నిపుణులు చెప్పారు. అక్కడ భారీ కట్టడాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. కాబట్టి హోటల్ శుద్ధి చేసిన నీళ్లని మళ్లీ ఫ్లష్‌లకి, తోటకి వాడుకోవాలి. నేలలోకి వదిలేసి చేతులు దులుపుకోకూడదు.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో సాధ్యమయ్యే పని అనేవాళ్లకి నేను తిరుమల చూపిస్తాను. అది హోటల్ కాదు, లగ్జరీ అసలే కాదు, కానీ కొండ మీద రోజుకి అరవై, డెబ్బై వేల మందికి నీళ్లు, భోజనం, బస చూడాలి. అక్కడ 2002లో అద్దాల పళ్లేలతో సూర్యుడి వేడిని పట్టి, ఆవిరి చేసి, సుమారు పదిహేను వేల మందికి వండే ఏర్పాటు పెట్టారు. 2022లో ఘాట్ రోడ్డు మీదకి ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేసి గాజు సీసాలు పెట్టారు, ఖాళీ సీసా తిరిగిస్తే కొంత డబ్బు వెనక్కిస్తారు. మొదట్లో జనం తిట్టుకున్నారు, ఇప్పుడు అలవాటైపోయింది. రెండు రూపాయలు తేడా వస్తే కౌంటర్ దగ్గర గొడవపడే భక్తులే ఒప్పుకున్నప్పుడు, ఇరవై వేలు కట్టే అతిథి ఒప్పుకోడని హోటల్ ఎందుకు భయపడాలి?

నా వాదనకి ఎదురు నిలిచే లెక్క కూడా చెప్పాలి. విజయవాడ నుంచి అరకు రానుపోను తొమ్మిది వందల కిలోమీటర్ల పైనే. లీటరుకి పదిహేను ఇచ్చే పెట్రోలు కారులో వెళ్తే అరవై లీటర్లు, అంటే దాదాపు 140 కిలోల కార్బన్ డయాక్సైడ్. మూడు రాత్రుల వేన్నీళ్లకి డీజిల్ బాయిలరైనా తొమ్మిది పది కిలోలే. ఒక కుటుంబం లెక్కలో చూస్తే దారి ముందు బాయిలర్ చిన్నదే. అయితే ఆ దారి హోటల్ చేతిలో బొత్తిగా లేనిదని కూడా అనుకోను. విశాఖ నుంచి అరకుకి అద్దాల బోగీ ఉన్న రైలు 2017 నుంచి నడుస్తోంది. రైల్లో వచ్చినవాళ్లకి స్టేషన్ నుంచి హోటల్ బండి పంపి, గది అద్దెలో కొంత తగ్గించవచ్చు. కారులో వచ్చినవాళ్ల దగ్గర పార్కింగ్ తీసుకోవచ్చు. ఒక్క రాత్రికి వచ్చి పోయేవాళ్ల కంటే నాలుగు రాత్రులుండేవాళ్లకి రేటు తగ్గించవచ్చు. దారి అదే, రోజులు నాలుగు. 2024 మే నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బళ్లకి మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఈ-పాస్ వచ్చింది. హోటళ్లు తమంతట తాము చేయకపోతే కోర్టులు ఇలాగే చేయిస్తాయి.

కారు పెద్దది కాబట్టి బాయిలర్ని వదిలేద్దామా అంటే అదీ కాదు. కారు మనది, బాయిలర్ హోటల్ది. ఎవరి బిల్లు వాళ్లు చూసుకోవాలి. పైగా ఆ కొండ వాలు మీద, ఊటల మీద పడే భారం హోటల్ ఒక్కదానిదే.

గుంటూరాయన పైపులకి ఇన్సులేషన్ చేయించారు, కోతులకి అందకుండా మందపాటి రేకు కూడా తొడిగించారు. సోలార్, హీట్ పంపు కలిపి ఇచ్చిన కొటేషన్ బేరాల్లో ఉంది. ఈలోగా ఇంకో కోరిక కోరారు. లోయ అంచున ఆరుబయట ఉన్న స్విమ్మింగ్ పూల్‌ని చలికాలమంతా 28 డిగ్రీల్లో ఉంచాలట, ఫొటోల్లో పొగలు కక్కుతూ బాగుంటుందని. ఆ పొగే డబ్బండీ అన్నాను. బయటి పూల్ పోగొట్టుకునే వేడిలో 70 శాతం దాకా అలా పైనుంచి ఆవిరై పోయేదే. రాత్రిళ్లు మూత పరిస్తే వేడి చేసే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. అందుకని హీటర్‌కి బదులు ముందు మూతకి కొటేషన్ పంపాను. "మూత ఏంటయ్యా, చూడ్డానికి ఏం బాగుంటుంది?" అని ఫోన్ చేశారు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా ఆ చలిలో ఎవరు చూస్తారండీ అన్నాను. మేనేజర్‌తో మాట్లాడి చెప్తానన్నారు.